నెల్డా చెక్కిన పిస్తోలు

ఆ సెప్టెంబరు నెలలో డ్రై ఫోర్క్ కాలేజీ పోలీసులకు పట్టుబడిన ఆయుధం ఒక్కటే. అది చెక్కది.

పట్టుబడిన తీరు ఇది. నాటకాల మాస్టారు ఆర్లిస్ ప్రూయిట్ ఒక మంగళవారం ఉదయం అట్టపెట్టె పట్టుకుని, వడ్రంగి షెడ్డు నుంచి ఆడిటోరియానికి పచ్చిక మీదుగా నడిచి వెళ్తున్నాడు. పెట్టెలో మూడు టోపీలు, ఒక పెట్టుడు మీసం, వాటి మీద అడ్డంగా ఒక పిస్తోలు ఉన్నాయి. పక్కనే మారిసెల్ ఓంటివెరోస్ నడుస్తోంది. ఆ పిల్ల నాలుగేళ్లు సైన్యంలో లారీలు నడిపి, ఇరవై మూడేళ్ల వయసులో నర్సింగు చదవడానికి వచ్చింది. ఆ ఏటి నాటకంలో షెరీఫ్ వేషం ఆమెదే. లైబ్రరీ కిటికీలోంచి ఎవరో చూసి ఫోన్ చేశారు. రెండు నిమిషాల్లో కాలేజీ పోలీసు చీఫ్ డ్వేన్ స్టబుల్‌ఫీల్డ్ గోల్ఫు బండిలో వచ్చి దిగాడు.

"సార్, పెట్టె కింద పెట్టండి. మెల్లిగా."

"మెల్లిగానే పెడతాను డ్వేన్. నడుం నొప్పి."

డ్వేన్ వంగి పిస్తోలు తీసి చూశాడు. చెక్కదని తెలిశాక హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే మొహం వేలాడేశాడు.

"ఇది నకలు కదా సార్."

"నకలే. ఇరవై ఆరేళ్లుగా నకలే."

"నకలైతే పట్టుకోవాలి సార్. పదమూడో పేజీ."

మారిసెల్‌కు నవ్వొచ్చింది. "నా బ్యాగులో అసలుది ఉంది చీఫ్. దాన్ని కూడా పట్టుకుంటారా?"

"లైసెన్సుందా అమ్మా?"

"ఉంది."

"బయటికి కనబడుతోందా?"

"లేదు."

"అయితే నీ దారిన నువ్వెళ్లు తల్లీ. ఆపినందుకు ఏమనుకోకు."

ఆ మాట అన్నాక డ్వేన్‌కే ఏదోలా అనిపించినట్టుంది. టోపీ తీసి తల గోక్కున్నాడు. అయినా పిస్తోలును ప్లాస్టిక్ సంచిలో వేసి, గోల్ఫు బండిలో పక్క సీటు మీద పెట్టుకుని పోయాడు.

ఇందులో డ్వేన్ తప్పు లేదు. ఆగస్టు ఒకటో తారీఖు నుంచి టెక్సస్‌లో ఇలాంటి చిన్న కాలేజీలకు కూడా కొత్త చట్టం వర్తించింది. లైసెన్సు ఉన్నవాళ్లు పైకి కనపడకుండా దాచుకుని కాలేజీకి పిస్తోలు తెచ్చుకోవచ్చు. వాళ్ల చేతిలోంచి దాన్ని లాక్కునే హక్కు కాలేజీకి లేదు. అది రాజధానిలో రాసిన చట్టం. ఇక రూళ్ల పుస్తకంలోని పదమూడో పేజీ తొమ్మిదేళ్ల కిందట కాలేజీ తనకు తానే రాసుకున్నది. అప్పట్లో కుర్రాళ్లు నీళ్ల తుపాకులకు నల్లరంగు పూసి ఆడుకుంటుంటే, వాటిని చూసి లెక్కల మేడమ్ గులాబీ పొదలో దూకింది. ఆ ముళ్లు తీయించుకున్న వారంలోనే నకలు ఆయుధాలు నిషేధం అని రూలు పుట్టింది. కొత్త చట్టం వచ్చినప్పుడు కొత్త పేజీ చేర్చారు గాని, పాత పేజీ చింపాలని ఎవరికీ తట్టలేదు. దాంతో అసలుకు లేని అడ్డు నకలుకు మిగిలింది. ఇన్నేళ్లూ నాటకం పిస్తోలును ఎవరూ పట్టించుకోలేదు గాని, ఈ ఏడు అందరి కళ్లూ తుపాకుల మీదే.

మధ్యాహ్నం ఆర్లిస్ మాస్టారు డ్వేన్ ఆఫీసుకు వెళ్లాడు. పిస్తోలు బీరువాలో ఉంది. దానికి దారంతో చీటీ కట్టి ఉంది: "నకలు ఆయుధం. ఒకటి."

"దీన్నేం చేస్తారు?" అని అడిగాడు మాస్టారు.

డ్వేన్ గోడమీది క్యాలెండరు వంక చూస్తూ జవాబు చెప్పాడు. "నెలాఖరు శుక్రవారం తోటవాళ్ల దగ్గరికి పంపుతాం సార్. కొమ్మల్ని పొట్టు చేసే మిషనుంది కదా."

"ఎప్పుడు?"

"ఇరవై తొమ్మిది."

మాస్టారు తలూపాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వేదిక మీద ఇతరుల చేత మాట్లాడించి మాట్లాడించి తన వంతు మాటలు కూడా వాళ్లకే ఇచ్చేశాడని భార్య నెల్డా అంటుండేది.

"మిసెస్ ప్రూయిట్ చేసిందని నాకు తెలుసు సార్." డ్వేన్ గొంతు తగ్గించాడు. "నాకు తోక కుట్టింది ఆవిడే."

డ్వేన్ ఈ కాలేజీలో చదివే రోజుల్లో నాటకంలో ఇద్దరు దూరే గుర్రం వేషంలో వెనక సగం వేశాడు. ముందు సగం వేసినవాడు ఇప్పుడు పక్క జిల్లాలో జడ్జి.

"తోక బాగా ఊపేవాడివి," అన్నాడు మాస్టారు, లేచి నిలబడుతూ. "రూలు రూలే డ్వేన్. నువ్వేమీ బాధపడకు."

నెల్డా మార్చిలో పోయింది. ముప్పై ఏళ్లు ఆ కాలేజీ వడ్రంగి షెడ్డు ఆమెదే. రాళ్లు, రైలింజన్లు, శవపేటికలు, కేకులు, ఏది కావాలంటే అది చెక్కతో చేసిపెట్టేది. ఏటా సెప్టెంబరు ఆఖరి శనివారం ఊరంతా వచ్చి చూసే పాతకాలపు కౌబాయ్ నాటకం ఒకటుంది. దుర్మార్గుడు రాగానే ఈలలు వేసి, మొక్కజొన్న పేలాలు గుప్పిళ్లతో విసరడం అక్కడి ఆనవాయితీ. ఆ నాటకానికి మొదటి ఏడే చేసింది ఈ పిస్తోలు. తుమ్మలాంటి మెస్కీట్ చెట్టు కంచె గుంజ ఒకటి తీసుకుని చెక్కింది. చెక్కిన ప్రతిసారీ దాన్ని వేదిక మీద ఆర్లిస్ చేతిలో పెట్టి, తను చివరి వరసకు వెళ్లి కూర్చుని చూసేది. మళ్లీ వచ్చి గొట్టం కొంచెం లావు చేసేది, మళ్లీ వెళ్లేది. ఆరుసార్లు తిరిగింది. ఆ ఏడు నాటకంలో షెరీఫ్ దాన్ని దూయగానే, చివరి వరసలో ఉన్న పశువుల ఆసామి ఒకాయన కుర్చీ కిందికి దూరాడు. అతను బయటికొచ్చి, మోకాళ్లు దులుపుకుని, ఎవరూ చూడలేదనుకున్నాడు. నెల్డా చూసింది. తన పనిని తను ఎన్నడూ మెచ్చుకోని మనిషి, ఆ ఒక్క సంగతి మాత్రం ఇరవై ఆరేళ్లు చెప్పుకుంది.

ఇది మాస్టారు ఎవరికీ చెప్పలేదు. రిహార్సల్లో షెరీఫ్ చేతికి పిస్తోలు బదులు ఒక అరటిపండు ఇచ్చాడు.

కాలేజీలో మాత్రం ఆ పిస్తోలు పేరు మారుమోగిపోయింది. భోజనశాల గుమ్మం ముందు ఎదురెదురుగా రెండు బల్లలుంటాయి. ఒకటి మారిసెల్‌ది, తుపాకులు ఉండాలనే జట్టు. రెండోది ఫిన్లీ గార్ట్‌నర్‌ది, వద్దనే జట్టు. ఫిన్లీ సన్నగా పొడుగ్గా ఉండే రెండో ఏడు కుర్రాడు. నాటకంలో దుర్మార్గుడు వాడే. పగలంతా ఈ ఇద్దరూ బల్లల మీంచి దెప్పుకుంటారు, సాయంత్రం రిహార్సల్లో మాస్టారు రాసిన మాటలతో దెప్పుకుంటారు. మధ్యలో ఆకలేస్తే ఒకే పొట్లంలోంచి టాకోలు తింటారు.

వారం తిరిగేసరికి ఫిన్లీ బల్ల మీద కొత్త అట్ట వెలిసింది: "చెక్కకు చెర, ఇనుముకు స్వేచ్ఛ! ఇదేం న్యాయం?" ఆ పక్కరోజే మారిసెల్ బల్ల మీద ఇంకోటి: "ఇవాళ చెక్కది, రేపు మీది!" రెండింటి మీదా అదే పిస్తోలు బొమ్మ.

మాస్టారు రెండు బల్లల మధ్యా నిలబడి, కళ్లద్దాలు సర్దుకుని, రెండూ చదివాడు.

"బాగా గీశారు. ఎవరు గీశారు?"

"ఫిన్లీయే సార్," అంది మారిసెల్. "రెండూ వాడే గీశాడు. మా జట్టులో బొమ్మలొచ్చినవాళ్లు లేరు."

"శత్రువుకి అట్ట గీసిచ్చావా?"

"ఊరికే కాదు సార్. రెండు టాకోలు తీసుకున్నా."

"మంచిది. అయితే మీ ఇద్దరిలో ఎవరైనా దాన్ని బయటికి తెచ్చే మార్గం ఆలోచించారా?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఫిన్లీ మెడ నిమురుకున్నాడు.

"నిజం చెప్పమంటారా సార్? అది లోపలుంటేనే మాకు బావుంది. బయటికొచ్చేస్తే ఈ అట్ట ఏం చేసుకోవాలి?"

"సిగ్గులేదురా నీకు?" అంది మారిసెల్. తర్వాత తన అట్ట వైపు చూసుకుంది.

"శుక్రవారం దాన్ని పొట్టు చేస్తారు," అన్నాడు మాస్టారు. "అది మా ఆవిడ చేసింది. నాకది కావాలి. అంతకు మించి ఈ వాదంలో నాకు పని లేదు."

అంత పొడుగు మాట ఆయన నోట వాళ్లు వినడం అదే మొదలు. మారిసెల్ లేచి నిలబడింది. ఫిన్లీ చేతిలోని టాకో కింద పెట్టేశాడు. రాగి నాణెమంత పచ్చిమిరప ముక్క వాడి గడ్డానికి అంటుకుని ఉంది గాని, ఎవరూ చెప్పలేదు.

ఉపాధ్యక్షురాలు డాక్టర్ లవోన్ హెంఫిల్ దగ్గరికి ముగ్గురూ కలిసే వెళ్లారు. రూళ్లు రాసింది ఆవిడే. పాము చావాలి, కర్ర విరగకూడదు అనే రకం. రాజధాని నుంచి ఉత్తరం వచ్చిందంటే చాలు, కవరు చింపకముందే ఆవిడకు గుండెదడ.

"చూడండి ఆర్లిస్, దీనికి దారుంది," అందావిడ పుస్తకం తిరగేస్తూ. "నకలు ఆయుధం అంటే ఏమిటో ఇక్కడ రాశాను. పది అంగల దూరం నుంచి చూసిన తెలివిగల మనిషి అసలు తుపాకీ అని పొరబడే వస్తువు. పొరబడకపోతే అది నకలు కాదు, చెక్కముక్క. చెక్కముక్కను పట్టుకునే రూలు మాకు లేదు. బుధవారం తుపాకుల మీద బహిరంగ సభ ఉంది కదా, అందులోనే మీ అర్జీ కూడా వింటాను. మీరొచ్చి, 'దీన్ని చూసి ఎవరూ తుపాకీ అనుకోరు' అని ఒక్క మాట చెప్పండి. అరనిమిషం పని."

"ఒక్క మాట," అన్నాడు మాస్టారు.

"ఒక్కటే."

బయటికొచ్చాక ఫిన్లీ గంతులేశాడు. "అయిపోయింది సార్! నేను మొక్కజొన్న కంకిలా ఉందంటాను. ఇదిగో, ఈ తుపాకుల పండితురాలు సాక్ష్యం చెప్తుంది. ఇంకేం కావాలి?"

"గొట్టం లావు, బొటనవేలితో వెనక్కి లాగే గుర్రం వంకర, తూటాల చక్రం పెద్దది. పది తప్పులు పడతా," అంది మారిసెల్.

"గుర్రం వంకర కాదే," అన్నాడు మాస్టారు.

"వంకరే సార్."

"చివరి వరసకు కనబడాలని అలా చేసింది."

"అందుకే వంకర అని చెప్తాను సార్. మీ కోసమే కదా."

మాస్టారు షెడ్డుకు వెళ్లి, నెల్డా ఉలుల వరస ముందు కాసేపు కూర్చుని, రంపపు పొట్టు ఊడ్చే పని లేకపోయినా ఒకసారి ఊడ్చి వచ్చాడు.

బుధవారం ఆడిటోరియం కిక్కిరిసింది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. డాక్టర్ హెంఫిల్ కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి గడియారం తెచ్చి బల్ల మీద పెట్టింది. అది మోగితే ఎంతటివాడైనా దిగిపోవాలి. జీవశాస్త్రం లెక్చరర్ వచ్చి, తక్కువ మార్కులేసే రోజు తన చేతులు వణుకుతున్నాయన్నాడు. వెనకాల నుంచి ఎవరో, "అయితే ఎక్కువెయ్యండి సార్!" అని కేకేశారు. ఒక తల్లి, తన కూతురు ప్రయోగశాల నుంచి చీకట్లో ఒంటరిగా పార్కింగుకు నడుస్తుందనీ, పోలీసొచ్చేలోపు ఆమెకు ఆమే దిక్కనీ చెప్పింది. అప్పుడెవరూ నవ్వలేదు. ఇంకొకాయన తన తమ్ముడి పేరు చెప్పి, తర్వాత ఏమీ చెప్పలేక, కోడి మోగకముందే దిగిపోయాడు. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు.

ఏడో అంశం చెక్క పిస్తోలు. హాలు కాస్త కుదుటపడింది. నవ్వుకోవడానికి ఏదో దొరికిందన్నట్టు జనం ముందుకు వంగారు.

డ్వేన్ పిస్తోలును బల్ల మీద నిలబెట్టి, పది అంగలు కొలవడం మొదలుపెట్టాడు. నాలుగో అంగకే ఫిన్లీ లేచాడు. రిహార్సల్ నుంచి నేరుగా వచ్చాడు గనక నల్ల దుప్పటంత అంగీ, అతికించిన మీసంతోనే ఉన్నాడు.

"అభ్యంతరం! చీఫ్ అంగ గుర్రం అంగ. తెలివిగల మనిషి అంగ కాదు."

"వెనక సగమే వేశాన్రా నేను," అన్నాడు డ్వేన్. "వెనక కాళ్లు పొట్టి."

చివరికి డాక్టర్ హెంఫిల్ తనే దిగి, మడమల బూట్లతో పది అంగలు వేసి, నేల మీద టేపు అంటించింది.

ఫిన్లీ టేపు దగ్గర నిలబడి కళ్లు చికిలించాడు. "నాకైతే టర్కీ కోడి కాలులా కనబడుతోంది మేడమ్. థాంక్స్ గివింగ్ పండగకు ఇంకా రెండు నెలలుంది గాని, నోరూరుతోంది. ప్రాణభయం మాత్రం కలగడం లేదు." జనం ఘొల్లుమన్నారు.

మారిసెల్ వచ్చి వేళ్ల మీద లెక్కపెట్టింది. "గొట్టం లావు రెండింతలుంది. చక్రం నా పిడికిలంత ఉంది. గుర్రం వంకర. పిడి చూస్తే గరిటె పిడిలా ఉంది. ఏ కంపెనీ ఇలాంటిది చెయ్యదు. సైన్యంలో ఎవడైనా దీన్ని చూసి తుపాకీ అంటే వాణ్ని వంటశాలకు పంపేవాళ్లం."

ఆ ప్రతి మాటకూ మాస్టారి భుజం ఒక్కోసారి కదిలింది, ఎవరో అక్కడ వేలితో పొడిచినట్టు. పొడుస్తున్నది తన కోసమేనని ఆయనకు తెలుసు.

"ఆర్లిస్, మీ వంతు," అంది డాక్టర్ హెంఫిల్, మెత్తగా. "ఒక్క మాట."

మాస్టారు టేపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బల్ల మీద పిస్తోలు ఉంది. కోడిపెట్ట టిక్కుటిక్కుమంటోంది. ఆయన చాలాసేపు చూశాడు. హాల్లో దగ్గులు ఆగిపోయాయి. ఫిన్లీ మీసం వెనక నుంచి, "ఎవరూ అనుకోరు, ఎవరూ అనుకోరు" అని పెదవులు కదుపుతూ మాటందిస్తున్నాడు, రిహార్సల్లో మరిచిపోయినవాళ్లకు అందించినట్టు.

"మారిసెల్ చెప్పినవన్నీ నిజమే," అన్నాడు మాస్టారు. "గొట్టం లావు. గుర్రం వంకర. కావాలనే చేసింది. దగ్గర నుంచి అది తుపాకీలా ఉండదు. ఆమె దగ్గర నుంచి చూసేవాళ్ల కోసం చెయ్యలేదు."

ఆయన చివరి వరస వైపు చెయ్యి చూపించాడు.

"దీన్ని చూసి ఒక పెద్దమనిషి కుర్చీ కింద దూరాడు. ఇదే హాల్లో, అదిగో ఆ చివరి వరసలో. పేరు చెప్పను, వాళ్లబ్బాయి ఇక్కడే ఉన్నాడు. అది పది అంగలు కాదు, నలభై. ఇక్కడి నుంచి నాకు తుపాకీలానే కనబడుతోంది. లవోన్, మీరు అడిగిన మాట నేను చెప్పలేను. అది బాగా చేసిన పని."

ఫిన్లీ అంగీతో మొహం కప్పుకున్నాడు. "సార్, పొట్టు మిషను సార్!" అని లోపలి నుంచి మూలిగాడు.

డాక్టర్ హెంఫిల్ కలం చేతిలోకి తీసుకుంది. "రాసుకోక తప్పదు ఆర్లిస్."

"రాయండి."

ఆవిడ పైకి చదువుతూ రాసింది: "పది అంగల దూరం నుంచి ఈ వస్తువుకు, అసలు తుపాకీకి తేడా తెలియదని సభ ముందు తేలింది."

"మళ్లీ చదవండి," అన్నాడు మాస్టారు.

ఆవిడ మళ్లీ చదివింది. ఆయన తలవంచుకుని విన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ కాలేజీ నెల్డా పని గురించి రాసిన మొదటి మాట అది.

అప్పుడు మారిసెల్ లేచింది. ఆ పిల్ల మొహంలో, మిఠాయి దొరికిన చిన్నపిల్ల మొహంలో ఉండే వెలుగు ఉంది.

"మేడమ్, ఒక్క సందేహం. అసలు తుపాకీకి, దీనికి తేడా తెలియదని కాలేజీయే రాసింది కదా?"

"రాసింది."

"సంతకం పెట్టారు కదా?"

"ఇప్పుడే పెట్టాను. ఎందుకు?"

"లైసెన్సున్నవాళ్ల తుపాకీని కాలేజీ లాక్కుంటే చట్టం ఒప్పుకోదు. నాకు లైసెన్సుంది. ఆ రోజు మాస్టారితో పాటు ఆ పెట్టెను నేనే మోసుకెళ్లాల్సింది, నడుం నొప్పి ఉన్నా నా మాట వినకుండా ఆయనే మోశారు. నేను అబద్ధమాడి ఇది అసలుదని చెప్పడం లేదు. తేడా తెలియదని మీరే తేల్చారంటున్నా. తేడా తెలియనిదాన్ని శుక్రవారం పొట్టు చేశారనుకోండి. సోమవారం రాజధాని నుంచి లాయరొచ్చి, 'పొట్టు చేసింది అసలుది కాదని మీకెలా తెలుసు?' అంటే ఏం చెప్తారు?"

రాజధాని అన్న మాటకు డాక్టర్ హెంఫిల్ చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది.

"ముట్టుకుంటే తెలుస్తుంది కదా!" అందావిడ. "డ్వేన్, నువ్వు ముట్టుకున్నావు. చెక్కదని చెప్పు."

డ్వేన్ టేపు గీత దగ్గరికి వెళ్లి, కాళ్లు జోడించి, సైనికుడిలా నిలబడ్డాడు. "రూలులో ముట్టుకోవడం గురించి లేదు మేడమ్. పది అంగలనే ఉంది. ఇక్కడ నుంచి నాకేమీ తేడా తెలియడం లేదు. నా తెలివి అంతవరకే."

జనం బల్లలు చరిచారు. ఫిన్లీ అంగీలోంచి తల బయటపెట్టి, "చీఫ్‌కు తెలివి లేదని నేను మూణ్ణెల్లుగా చెప్తున్నా! ఇవాళ ఎంత ముద్దొస్తున్నాడో!" అని అరిచాడు.

"నువ్వు తుపాకులకు వ్యతిరేకం కదా గార్ట్‌నర్?" అంది డాక్టర్ హెంఫిల్ నీరసంగా. "ఆమె తుపాకీ ఆమెకివ్వమంటావా?"

"ఇప్పటికీ వ్యతిరేకమే మేడమ్. ఈ ఒక్కటీ ఇచ్చెయ్యండి. గురువారం నుంచి మళ్లీ మొదలుపెడతా."

ఆవిడ కళ్లు మూసుకుంది. కోడిపెట్ట గణగణమంది. ఆ మోత ఆగాక కళ్లు తెరిచి, "ఓంటివెరోస్, తీసుకెళ్లు. కాని కాలేజీ హద్దు దాటేవరకు పైకి కనబడకూడదు. కనబడిందో, నువ్వూ నేనూ ఇద్దరం మునుగుతాం," అంది.

అక్కడొచ్చింది చిక్కు. నలభై అంగల నుంచి కనబడాలని చేసిన వస్తువు అది. మారిసెల్ సంచిలో పెడితే సగం బయటే ఉంది. చొక్కా కింద దోపితే కడుపులో పొడుచుకుని అడుగు పడలేదు. డ్వేన్ టోపీ ఇచ్చాడు గాని, టోపీలోంచి గొట్టం పొగగొట్టంలా లేచింది.

ఫిన్లీ గట్టిగా నిట్టూర్చి, మెడ దగ్గర ముడి విప్పి, తన నల్ల అంగీ తీసి మారిసెల్ భుజాల మీద కప్పాడు.

"ఈ సంగతి మా జట్టుకు తెలిస్తే నన్ను వెలివేస్తారు."

"మీ జట్టంతా ఇక్కడే ఉందిరా. అందరూ చూస్తున్నారు."

"చూడట్లేదు. చట్టప్రకారం ఎవరికీ ఏమీ కనబడట్లేదు."

అది నిజమే. మారిసెల్ ఒక పక్కకు వంగి, బిగుసుకున్న కాలితో నడుస్తుంటే, రెండు జట్లవాళ్లూ దారి ఇచ్చి, పైకప్పు వంక, గోడల వంక, తమ బూట్ల వంక శ్రద్ధగా చూశారు. కూతురి కోసం మాట్లాడిన ఆ తల్లి తలుపు తీసి పట్టుకుంది. డ్వేన్ గోల్ఫు బండి తెచ్చి, మారిసెల్‌ను వెనక సీట్లో, మాస్టారిని ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. ఫిన్లీ పక్కన పరిగెత్తుతూ వచ్చాడు. మీసం ఒక వైపు ఊడి గాలికి ఆడుతోంది.

కాలేజీ హద్దు పొలాల రోడ్డు దగ్గర ఉంటుంది. పశువులు దాటకుండా నేలలో పరిచిన ఇనుప కమ్మీల మీదుగా బండి గడగడలాడుతూ అవతలికి వెళ్లి ఆగింది. మారిసెల్ అంగీ తొలగించి, పిస్తోలు తీసి, పిడి ఆయన వైపు తిప్పి ఇచ్చింది.

ఆర్లిస్ మాస్టారు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. బొటనవేలితో వంకర గుర్రాన్ని ఒకసారి తడిమాడు. చీటీ దారం పళ్లతో తెంపి, చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ వేరే వైపు చూశారు. ఈసారి చట్టం కోసం కాదు.

"ఇంటికి తీసుకెళ్లండి సార్," అన్నాడు డ్వేన్. "నాటకంలో అరటిపండుతో కానిచ్చేద్దాం. ఊళ్లోవాళ్లు సర్దుకుంటారు."

"శనివారం వరకు ఇంట్లో ఉంటుంది," అన్నాడు మాస్టారు. "శనివారం సాయంత్రం ఆరున్నరకు మారిసెల్ వచ్చి తీసుకెళ్తుంది. ఇల్లు కాదు దీని చోటు."

మారిసెల్ తెల్లబోయింది. "కాని సార్, వేదిక మీద పైకి తియ్యకూడదు కదా. తీస్తే మళ్లీ పట్టుకుంటారు."

"తియ్యొద్దు. కోటు లోపలే ఉంచు."

"మరి ఎవరికీ కనబడదు కదా?"

"నీకు తెలుస్తుంది కదా. అది ఉందని తెలిస్తే మనిషి నడక మారుతుంది. ఇందాక చూశాను. ఆ నడక చివరి వరసకు కనబడుతుంది."

తన చెయ్యి ఒకటి అసలు పిస్తోలున్న బ్యాగు మీద ఉందని మారిసెల్ అప్పుడే గమనించుకున్నట్టుంది. ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఫిన్లీకి మాత్రం అనుమానం తీరలేదు. రొప్పుతూ, ఊడిన మీసాన్ని అరచేత్తో అదుముకుంటూ అడిగాడు. "అది సరే సార్, షెరీఫును చూసి నేను చేతులెత్తాలి కదా. పిస్తోలు కనబడకుండా ఎలా ఎత్తను?"

"కొంచెం నటించు ఫిన్లీ," అన్నాడు మాస్టారు. "మూడు వారాల్నుంచీ ఆ ఒక్క పనీ చెయ్యడం లేదు నువ్వు."